సవరణ: హాండెల్ ఎఫ్ మేజర్ సొనాటా రికార్డర్‌ది

18వ శతాబ్దపు స్వరకర్త హాండెల్ ఎఫ్ మేజర్ సొనాటా (ఒక వాద్యానికి తోడు వాద్యంతో రాసిన రచన; ఆయన రచనల పట్టికలో హెచ్‌డబ్ల్యూవీ 369) గురించి మొన్న రాస్తూ, అది అడ్డంగా పట్టుకునే ఫ్లూట్ కోసం రాసిందన్నాను. తప్పు. అది నిలువుగా పట్టి ఊదే రికార్డర్‌ది. ఆ కాలంలో ఉత్త ‘ఫ్లౌటో’ అని రాస్తే సాధారణంగా రికార్డరే. అడ్డ ఫ్లూట్‌కు ‘ట్రావెర్సో’ అని విడిగా రాసేవారు. పేరు చూసి పొరబడ్డాను, క్షమించండి.

కంటిన్యువో (ప్రధాన వాద్యం కింద సాగే తోడు భాగం) అంటే హార్ప్సికార్డ్ (పియానోకు ముందటి మీటల వాద్యం) ఒక్కటే అన్నదీ సరికాదు. హాండెల్ రాసిచ్చింది బేస్ (మంద్ర స్వరాల) వరుస, దానికి అంకెలు, అంతే. ఆ వరుసను తరచుగా చెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) కూడా వాయిస్తుంది. అంకెలను బట్టి హార్ప్సికార్డ్ వాయించేవారు కార్డ్స్‌ను (ఒకేసారి మోగే స్వరాల గుంపులను) అప్పటికప్పుడు అల్లుకుంటారు. ఏ ఇద్దరి చేతుల్లోనూ ఇది ఒకేలా వినిపించదు; నాకు ఇందులో అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

ఇదే సంగీతాన్ని హాండెల్ తర్వాత ఆర్గన్ కాన్సర్టోగా (ఆర్గన్‌కు వాద్యబృందం తోడుండే రచనగా; ఓపస్ 4 అనే సంపుటిలో 5వది) మార్చుకున్నాడన్న మాట మాత్రం సరైనదే.