సవరణ: ఎమ్‌ఈసీపీ2 పట్టు ఒక్కచోటే కాదు

బెంగళూరులోని మన తెలుగు మిత్రబృందం కోసం గతవారం రాసిన వ్యాసంలో, మెదడు ఎదుగుదలను దెబ్బతీసే జన్యువ్యాధి అయిన రెట్ సిండ్రోమ్‌కు కారణమయ్యే ప్రతి ఉత్పరివర్తనమూ (జన్యువులోని మార్పూ), నాడీకణాల్లో ఇతర జన్యువులను అదుపుచేసే ఎమ్‌ఈసీపీ2 ప్రోటీన్‌ను డీఎన్‌ఏ నుంచి విడదీస్తుందని చెప్పాను, అది తప్పు. మిథైల్ అనే రసాయన గుర్తులున్న డీఎన్‌ఏను పట్టుకునే భాగానికి దూరంగా, ప్రోటీన్ గొలుసులోని 306వ స్థానంలో ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం బదులు సిస్టీన్ చేరితే, ప్రోటీన్ డీఎన్‌ఏను పట్టుకోగలిగినా, జన్యువులను అణచే ఎన్‌కోర్ అనే ప్రోటీన్ల సముదాయాన్ని అక్కడికి రప్పించలేదు. నాడీకణంలో జన్యువుల అదుపు దెబ్బతినడానికి ఆ లంకె తెగడమే చాలు. 158వ స్థానంలో థ్రియోనిన్ మిథియోనిన్‌గా మారినప్పుడు మాత్రం డీఎన్‌ఏపై పట్టే సడలుతుంది. ప్రోటీన్‌లో స్థిరమైన ఆకృతి లేని భాగాలు నిరుపయోగమని రాయడం ఇంకా పెద్ద పొరపాటు, ఎందుకంటే ఎన్‌కోర్‌ను పట్టే చోటు అటువంటి వదులు భాగంలోనే ఉంది. కూతురి జన్యుపరీక్షలో 306 అంకెను చూసి, నా వాక్యంతో పోల్చుకుని కలవరపడిన తల్లికి నా క్షమాపణలు.