చేతి పరికరాలు సిగరెట్ పొగను కొలవలేవన్న వాదన నిలవదు

“బార్లలో, హోటళ్లలో గాలిని కొలిచే చిన్న యంత్రాలు దుమ్మును మాత్రమే లెక్కపెడతాయి, సిగరెట్ పొగకూ వంటింటి పొగకూ తేడా వాటికి తెలియదు, అంకెను పెంచి చూపుతాయి; పైగా ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉన్న చోట ఇతరుల పొగతో హాని లేదు” అన్న సందేశం వాట్సాప్‌లో విస్తృతంగా తిరుగుతోంది.

మొదటి మాటలో నిజం ఉంది. సైడ్‌పాక్ అనే చేతి యంత్రం వంటి పరికరం తన లోపలికి పీల్చుకున్న గాలిపై లేజర్ కాంతిని ప్రసరింపజేసి, కణాలకు తగిలి చెదిరిన కాంతిని బట్టి 2.5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు కణాల సాంద్రతను అంచనా వేస్తుంది తప్ప, ఆ కణం ఎక్కడ పుట్టిందో చెప్పలేదు. అందుకే కొలిచేవారు లోపలికి వెళ్లే ముందు బయటి గాలిని కొలుస్తారు, గది కొలతలు, మనుషుల సంఖ్య, వెలుగుతున్న సిగరెట్ల సంఖ్య రాసుకుంటారు. అమెరికాలోని డెలావేర్‌లో 2002 నవంబరులో ధూమపాన నిషేధం అమలయ్యే ముందూ తరువాతా పరిశోధకుడు జేమ్స్ రిపేస్ ఒక కాసినో, ఆరు బార్లు, ఒక పూల్ హాలులో కొలిచినప్పుడు, అంతకుముందున్న సూక్ష్మ కణాల్లో సుమారు 90 శాతం పొగాకు పొగవేనని తేలింది. దోషం వంటింటిదో వీధి దుమ్ముదో అయితే, సిగరెట్లు ఆగినంత మాత్రాన అంకె అంతగా పడిపోయేది కాదు.

అంకె పెరిగి కనిపించడమూ నిజమే, కానీ అది దాచిన రహస్యం కాదు. పరికరాన్ని కర్మాగారంలో అరిజోనా దుమ్ముతో (పరీక్షలకు వాడే ఒక ప్రామాణిక దుమ్ము) సరిచూస్తారు. పొగాకు పొగ కణాలు అంతకంటే చాలా చిన్నవి, ఎక్కువ భాగం ఒక మైక్రాన్ లోపువి, అదే బరువుకు ఎక్కువ కాంతిని చెదరగొడతాయి. కాబట్టి పరిశోధకులు తెరమీది అంకెను సుమారు 0.32తో గుణిస్తారు: 300 కనిపిస్తే ఘనపు మీటరుకు 96 మైక్రోగ్రాములు. వానాకాలపు తేమ కూడా అంకెను పెంచుతుంది. సవరించని అంకెను ఫొటో తీసి పంచేవారు, ఎంత సదుద్దేశంతో చేసినా, ఈ సందేశం రాసినవారికే ఆయుధం అందిస్తున్నారని బాధతో చెబుతున్నాను. పొగాకుదేనన్న రుజువు ప్రత్యేకంగా కావాలంటే, సోడియం బైసల్ఫేట్ పూసిన చిన్న వడపోత బిళ్లను వారం రోజులు వేలాడదీసి, అందులో చిక్కిన నికోటిన్‌ను ప్రయోగశాలలో కొలవవచ్చు. అయితే అది సగటునే చెబుతుంది, ఏ నిమిషంలో పొగ పెరిగిందో చెప్పదు.

ఇక ఫ్యాన్ సంగతి. ఫ్యాన్ పొగను పలచన చేస్తుందే గాని, పక్క బల్ల దగ్గర కూర్చున్నవారికీ, రాత్రంతా అక్కడే తిరిగే బేరర్లకూ చేరకుండా ఆపదు. మన దేశంలో 2008 అక్టోబరు 2 నుంచి అమలైన నిబంధనలు, కనీసం 30 గదులున్న హోటళ్లూ కనీసం 30 సీట్లున్న రెస్టారెంట్లూ ధూమపాన గది పెట్టుకోవాలంటే, దానికి నాలుగు వైపులా పూర్తి ఎత్తు గోడలు, తనంతట తానే మూసుకునే తలుపు, గాలిని నేరుగా బయటికి పంపే ఏర్పాటు, మిగతా భవనం కంటే తక్కువ గాలి పీడనం ఉండాలన్నాయి. హైదరాబాదులోనైనా విశాఖలోనైనా అటువంటి గదిలో ఒక పరికరం, తలుపు బయటి బల్ల మీద మరొకటి, రెండింటి గడియారాలూ కలిపి ఉంచి చూడండి: తలుపు తెరుచుకున్న ప్రతిసారీ బయటి అంకె పెరుగుతుంటే, ఆ పొగ ఎవరి ఊపిరితిత్తుల్లోకి వెళ్తోందో నిమిషం నిమిషానికీ కనిపిస్తుంది.