పాత స్పోర్ట్స్ కారు టైర్ల గురించి ఆ మెసేజ్‌ను నమ్మి మోసపోకండి

వారం నుంచి మా హనుమకొండ కార్ల గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. "పాత స్పోర్ట్స్ కారుకు ఖరీదైన టైర్లు దండగ. గీతలుంటే టైరు బాగున్నట్టే, తయారీ తేదీ చూడక్కర్లేదు. స్పీడ్ రేటింగ్ జర్మనీ రోడ్లకే. ట్రెడ్‌వేర్ అంకె (టైరు అరుగుదలను ఎంత తట్టుకుంటుందో చెప్పేది) ఎక్కువున్నది కొంటే ఎక్కువ కాలం వస్తుంది. రెండే కొనేటట్టయితే ముందు చక్రాలకు వేయించండి." ఇదీ దాని సారాంశం. తెలిసినవాళ్లు కూడా దీన్ని నమ్మి బేరాలు మొదలుపెట్టారు, అందుకే రాస్తున్నాను.

గీతలుంటే చాలు అన్నదే అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట. మా బావ 2022లో సెకండ్ హ్యాండ్‌లో 2008 మోడల్ పోర్షే బాక్‌స్టర్ ఎస్ కొన్నాడు. ఆ జూన్‌లో తొలకరి పడిన సాయంత్రం హంటర్ రోడ్డులో మలుపు తిరుగుతుంటే, పెద్ద స్పీడేమీ లేకుండానే కారు వెనక భాగం పక్కకు జారింది. నేను పక్క సీట్లోనే ఉన్నాను. అదృష్టం, ఎదురుగా ఎవరూ లేరు. మర్నాడు టైర్ల షాపుకు తీసుకెళ్తే అక్కడి అబ్బాయి "గీతలు మంచిగనే ఉన్నయ్ కదన్నా" అన్నాడు. నిజమే, గీతలు లోతుగానే ఉన్నాయి. కారు పైకి లేపించి, మొబైల్ టార్చి వేసి టైరు లోపలివైపు చూస్తే డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల, అంకెల వరస చివర 2214 అని కనిపించింది. అంటే 2014లో 22వ వారం తయారైన టైరు. పూర్తి కోడ్ చాలాసార్లు ఒకవైపే ఉంటుంది, బయటివైపు కనపడకపోతే లేదనుకోవద్దు. గోరుతో నొక్కితే రబ్బరు ప్లాస్టిక్ లాగా గట్టిగా తగిలింది. గీతల అడుగున వెంట్రుకల్లాంటి పగుళ్లు.

రబ్బరు వేడికి, గాలిలోని ఆక్సిజన్‌కు, ఓజోన్‌కు గట్టిపడుతుంది. దాన్ని కాపాడే మైనం, రసాయనాలు టైరులో కలిపే ఉంటాయి గానీ, టైరు తిరుగుతూ వంగుతుంటేనే అవి పైకి బాగా చేరతాయి. షెడ్డులో నెలల తరబడి నిలబడే కారుకు ఆ రక్షణ తగ్గిపోతుంది. మన స్పోర్ట్స్ కార్లు తిరిగేదే తక్కువ, అందుకే వాటి టైర్లు అరిగేలోపే ముదిరిపోతాయి. 2013లో హాలీవుడ్ నటుడు పాల్ వాకర్ చనిపోయిన పోర్షే కరెరా జీటీకి ఉన్నవి తొమ్మిదేళ్ల టైర్లు. ప్రధాన కారణం అతివేగమే, కానీ టైర్ల వయసు కూడా కారు అదుపును దెబ్బతీసి ఉండవచ్చని దర్యాప్తు అధికారులు చెప్పారు. ఆరేళ్లు దాటితే మార్చమని చాలా కార్ల కంపెనీలు అంటాయి. మిషెలిన్ అయితే ఎంత బాగా కనిపించినా పదేళ్లకు మించి వాడొద్దంటుంది.

స్పీడ్ రేటింగ్ మనకెందుకు అంటారా? అది టైరు మీద సైజు పక్కనుండే అక్షరం: హెచ్ అంటే గంటకు 210, వి అంటే 240, డబ్ల్యూ 270, వై 300 కిలోమీటర్లు. ఆ వేగంలో పుట్టే వేడిని టైరు తట్టుకుంటుందని దాని అర్థం. మే నెలలో మన హైదరాబాద్ హైవే మీద తారే కాలుతుంటుంది, కాబట్టి ఆ వేడి తట్టుకునే గుణం ఇక్కడా కావాలి. అక్షరం పక్కనున్న అంకె బరువుకు సంబంధించింది: 91 అంటే ఒక్కో టైరుకు 615 కిలోలు, 97 అంటే 730. కారు కంపెనీ చెప్పినదానికన్నా ఈ రెండింట్లో ఏదీ తగ్గకూడదు.

ట్రెడ్‌వేర్ అంకెను ఏ కంపెనీ టైరుకు ఆ కంపెనీయే ఇచ్చుకుంటుంది. వేర్వేరు కంపెనీల అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చలేం. బావ కారు ఏడాదికి 3,000 కిలోమీటర్లు తిరుగుతుంది, ఆరేళ్లకు 18,000. అరగని టైరు కొని ఏం చేసుకుంటాడు? ఆ డబ్బు తడి రోడ్డు మీద పట్టుకు పెట్టాలి.

ఇక రెండే కొంటే ముందు వేయించమన్న సలహా. నీళ్లు నిలిచిన రోడ్డు మీద ముందు టైర్లు జారితే స్టీరింగ్‌లో తెలుస్తుంది, యాక్సిలరేటర్ వదిలితే కారు చాలావరకు దారికొస్తుంది. అరిగిన వెనక టైర్లు జారితే కారు గిర్రున తిరుగుతుంది. బాక్‌స్టర్‌లో ఇంజిన్ సీట్ల వెనకే ఉంటుంది, ఒకసారి వెనక భాగం ఊగితే ఆపడం మామూలు డ్రైవర్ వల్ల కాదు. కొత్తవి వెనకే ఉండాలి. పైగా ఈ కారుకు టైరు సైజు ముందు 235/40, వెనక 265/40 (మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు), చక్రాలు రెండూ 18 అంగుళాలే అయినా అటువి ఇటు మార్చలేం. వీలైతే నాలుగూ ఒకే కంపెనీ, ఒకే మోడల్ తీసుకోండి.

రేసింగ్ టైర్లు వద్దని కూడా ఆ మెసేజ్‌లో ఉంది. అది ఒప్పుకుంటాను, మన వానల్లో అవి పనికిరావు.

మాకు ఈ సైజు హనుమకొండలో దొరకలేదు, హైదరాబాద్‌లో చెప్పి పెట్టాం. డబ్బులు పంపేముందు తేదీ కోడ్ ఫోటో అడిగితే, మొదట చూపించినవి నాలుగేళ్లుగా గోడౌన్‌లో ఉన్నవి. వద్దన్నాం. పది రోజులాగితే అదే ఏడాది తయారైనవి వచ్చాయి. ఇప్పుడు బావ పని ఉన్నా లేకున్నా వారానికోసారి కారు తీసి కాజీపేట దాకా తిప్పుకొస్తున్నాడు, టైర్లు వంగాలని.