అద్దాల పెట్టెలో ఉన్నదీ మనిషే

చార్లెస్ బర్న్ అనే ఐరిష్ యువకుడు 1783లో లండన్‌లో చనిపోయాడు. వయసు 22. ఎత్తు ఏడున్నర అడుగుల పైమాటే. బతికుండగా జనం టికెట్ కొని మరీ అతన్ని చూసిపోయేవారు. చచ్చాక కూడా వదలరేమోనన్న భయంతో, తన శవాన్ని సముద్రంలో వేయమని స్నేహితులకు చెప్పుకున్నాడు. జరిగింది వేరు. జాన్ హంటర్ అనే సర్జన్ డబ్బు వెదజల్లి ఆ శవాన్ని చేజిక్కించుకున్నాడు. మాంసం పోయేదాకా ఉడికించి ఎముకల్ని వేరు చేశాడు. ఆ అస్థిపంజరమే తర్వాత రెండు శతాబ్దాలకు పైగా మ్యూజియంలో నిలబడింది.

2023లో లండన్‌లోని హంటేరియన్ మ్యూజియం మళ్లీ తెరిచినప్పుడు దాన్ని జనం కళ్లముందు నుంచి తీసేశారు. సముద్రానికి మాత్రం పంపలేదు, పరిశోధనకు కావాలని అట్టేపెట్టుకున్నారు.

పరిశోధన వల్ల లాభం లేదని మేం అనం. బర్న్ పళ్ల నుంచి తీసిన డీఎన్ఏలో ఒక జన్యులోపం ఉందని 2011లో తేలింది. ఉత్తర ఐర్లాండ్‌లో ఇప్పుడున్న కొన్ని కుటుంబాల్లోనూ అదే లోపం కనబడింది. ఆల్ప్స్ మంచులో 1991లో దొరికిన ఓట్జీ సంగతీ అంతే. 5,300 ఏళ్ల నాటి ఆ మనిషి ఎడమ భుజంలో బాణపు ములికి ఉందని ఎక్స్‌రేలో బయటపడటానికి మరో పదేళ్లు పట్టింది. ఎముక చెప్పే కబురు ఏ శాసనమూ చెప్పదు.

అయితే పరిశీలించడం వేరు, నలుగురికీ చూపించడం వేరు. ఓట్జీని ఇటలీలోని బోల్జానోలో మైనస్ 6 డిగ్రీల చలిగదిలో ఉంచారు. చూడాలంటే చిన్న కిటికీ దగ్గరికెళ్లి తొంగిచూడాల్సిందే. హాలు మధ్యన లైట్లు వేసి నిలబెట్టడం కన్నా ఇది వెయ్యి రెట్లు నయం. అతని తరఫున అడగడానికి ఎవరూ మిగల్లేదు కాబట్టి ఆ మర్యాద మ్యూజియమే పాటించాలి.

అడిగేవాళ్లు ఉన్నచోట ఇంకేం అడ్డు? అమెరికాలో 1996లో కెనెవిక్ దగ్గర దొరికిన సుమారు 8,500 ఏళ్ల నాటి అస్థిపంజరాన్ని ‘మా పూర్వీకుడు, మాకివ్వండి’ అని అక్కడి ఆదివాసీ తెగలు మొదట్నుంచీ మొత్తుకున్నాయి. శాస్త్రవేత్తలు కోర్టుకెక్కి గెలిచారు. చివరికి 2015లో డీఎన్ఏ పరీక్ష ఆ తెగల మాటే నిజమంది. 2017లో వాళ్లు ఆ మనిషిని మళ్లీ మట్టిలో కలిపారు. ఇరవై ఏళ్లు తిప్పించుకున్నాక! విడ్డూరం ఏమిటంటే, ఆ పరీక్షకు డీఎన్ఏ ఇచ్చి సాయపడ్డవారిలో ఆ తెగలవాళ్లూ ఉన్నారు.

అడిగి చేస్తే పరిశోధన ఆగిపోదని దీంతోనే తెలుస్తోంది. సొంతవాళ్లను అడగకుండా ఏ పుర్రెనూ గ్యాలరీలో పెట్టకూడదని మా అభిప్రాయం. స్టోర్‌రూమ్ పెట్టెల్లో నంబర్లతో పడి ఉన్నవాటి జాబితాలు కూడా మ్యూజియాలే బయటపెట్టాలి. ఏముందో తెలియకుండా ఎవరు మాత్రం ఏమని అడుగుతారు?

బర్న్ తన కోరిక తనే నోరు విప్పి చెప్పాడు. జన్యువుల గుట్టూ తెలిసిపోయింది. హంటేరియన్ పెద్దలు ఇక తేల్చాల్సింది పడవ ఏ రోజు బయల్దేరాలన్నదే.