పరిష్కారం నంబర్ ఒకటి

కావలసింది ఒక లైబ్రరీ (వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్) తాలూకు 'డెవ్' ప్యాకేజీ, అంటే దాన్ని వాడి ప్రోగ్రాములు తయారుచేయడానికి కావలసిన ఫైళ్లు, అంతే. డెబియన్ వంశపు లైనక్స్ సిస్టం కాబట్టి, ప్యాకేజీలు ఎక్కించే ఆప్ట్‌ని పిలిచి ఆప్ట్ ఇన్‌స్టాల్ కొట్టాం. "హోల్డ్‌లో పెట్టిన పాడు ప్యాకేజీలు మీ దగ్గరున్నాయి" అని నింద. హోల్డ్ అంటే వెర్షన్ మార్చొద్దని ఆపి ఉంచడం. ఆ జాబితా చూపే ఆప్ట్-మార్క్ షోహోల్డ్ కొట్టి చూస్తే ఖాళీ! హోల్డ్‌లో ఒక్కటీ లేదు.

అదే పని చేసే ఆప్ట్-గెట్‌దీ అదే పాట, మౌస్‌తో నడిపే సినాప్టిక్‌దీ అదే పాట. మూడింటినీ లోపల నడిపే కోడ్ ఒక్కటే మరి. అప్పుడు గుర్తొస్తుంది, అందరూ చెప్పే సలహా: "ఆప్టిట్యూడ్ వాడండి, తెలివైనది." చాలా సిస్టంలలో అది ముందుగా ఉండదు. దాన్ని దించుకోవడానికి మళ్లీ ఆప్టే దిక్కు.

ఆ తెలివైనది కాసేపు ఆలోచించి పరిష్కారం చూపిస్తుంది. "ఈ ప్యాకేజీని ప్రస్తుత వెర్షన్‌లోనే ఉంచుదాం." మంచిదే. ఇంతకీ ప్రస్తుత వెర్షన్ ఏది? పక్కనే బ్రాకెట్లలో రాసి ఉంటుంది: ఇన్‌స్టాల్ కాలేదు. అంటే మనం అడిగింది మానుకోవడమే పరిష్కారమట! ఆకలేస్తోందంటే, ఆకలి మానేయమన్న వైద్యుడిలాగా. పైగా కింద "ఒప్పుకుంటారా?" అని మర్యాదగా అడుగుతుంది. అక్కడ వై పెద్దక్షరం, అంటే ఏమరుపాటున ఎంటర్ నొక్కినా ఒప్పుకున్నట్టే. ఎన్ నొక్కితే రెండో పరిష్కారం వస్తుంది. అందులో డెస్క్‌టాప్ తాలూకు సగం పేర్లు "తొలగించు" కింద వరసగా నిలబడి ఉండొచ్చు. అప్పటికి మొదటిదే నయమనిపిస్తుంది.

అసలు సంగతి, ఏ వెర్షన్ ఎక్కడిదో చూపే ఆప్ట్ పాలసీ కొట్టి లైబ్రరీ పేరిస్తే బయటపడుతుంది. ఎప్పుడో చేర్చిన బయటి రిపో (ప్యాకేజీల గోదాము) కొత్త వెర్షన్ పెట్టింది. రిపో తీసేసినా ఆ వెర్షన్ అక్కడే కూర్చుంది. డెవ్ ప్యాకేజీకేమో సరిగ్గా తన వెర్షన్ లైబ్రరీయే కావాలి, ఒక్క అంకె తేడా వచ్చినా కుదరదు. సిస్టం సొంత రిపోలో ఉన్న పాత వెర్షన్‌కి ఆప్ట్ ఇచ్చే ప్రాధాన్యం 500. అది 1000కి చేరితే తప్ప ఆప్ట్ తనంతట తాను వెనక్కి దిగదు.

కాబట్టి మనమే వెనక్కి దించాలి: ఒకే ఆప్ట్ ఇన్‌స్టాల్ కమాండ్‌లో లైబ్రరీ పేరు, ఈక్వల్ గుర్తు, పాలసీలో కనిపించిన పాత వెర్షన్, పక్కనే డెవ్ ప్యాకేజీ పేరు. అదే లైబ్రరీకి 32 బిట్ కాపీ కూడా ఉంటే దాన్నీ అదే వెర్షన్‌కి దించాలి, లేకపోతే మళ్లీ మొదటికే. ముందు '-ఎస్' పెట్టి ఉత్తుత్తిగా నడిపి చూడటం మేలు.

రిపో చేర్చడానికి "ఈ మూడు లైన్లు కాపీ చేసుకోండి" అని ఉదారంగా రాసేవాళ్లకి, తీసేసేటప్పుడు ఏం చేయాలో నాలుగో లైను రాయడానికి ఏమొచ్చింది?