దూరమంటే ఏ దూరం?

దామలచెరువు, చిత్తూరు మండీలకు వచ్చిన తోతాపురి కాయలను చిన్న, నడిమి, పెద్ద అని మూడు తరగతులుగా లెక్కపెట్టుకుని, ఆ రెండు మండీల పంపిణీల (ఏ తరగతి వాటా ఎంతో చూపే లెక్కల) మధ్య దూరం, అంటే తేడా, తేల్చడానికి తిరుపతిలో కూర్చున్న నాకు మూడు రాత్రులు పట్టింది. లెక్క కష్టమై కాదు. సాఫ్ట్‌వేర్ (పైథాన్‌లోని SciPy) ఏ లెక్క వేస్తోందో సూటిగా చెప్పకపోవడం వల్ల!

సరిచూసుకోవడానికి ఒక వరుసలో 50, 30, 20, మరొక వరుసలో 20, 30, 50 పెట్టి వాసర్‌స్టీన్ దూరం (ఒక పంపిణీని మరొకటిగా మార్చాలంటే ఎంత వాటాను ఎంత దూరం జరపాలో చెప్పే కొలత) అడిగాను. సున్నా అని వచ్చింది. తలకిందులుగా ఉన్న రెండు పంపిణీల మధ్య సున్నా ఏమిటి? ఆ ఫంక్షన్ నా పౌనఃపున్యాలను, అంటే ఒక్కో తరగతిలోని కాయల లెక్కలను, కొలిచిన విలువలుగా తీసుకుంది; రెండు వరుసల్లోనూ అవే మూడు అంకెలు కాబట్టి తేడా లేదంది. తరగతులను 1, 2, 3 అని ముందు ఇచ్చి, పౌనఃపున్యాలను భారాలుగా విడిగా అందిస్తే అసలు దూరం 0.6 అని తేలింది. ఒక్క హెచ్చరికైనా చేయకూడదా? ఆ సున్నాను నమ్మి రెండు మండీల సరుకూ ఒకటేనని రైతుకు చెప్పి ఉంటే ఆ నష్టం ఎవరు భరిస్తారు?

రెండు పంపిణీల తేడాను కొలిచే మరో పద్ధతి జెన్సెన్–షానన్ సంగతి మరీ అన్యాయం. నేను కోరింది డైవర్జెన్స్ (ఆ తేడా విలువ), వచ్చింది దాని వర్గమూలం! పైగా 2 ఆధారంగా ఉండే సంవర్గమానానికి బదులు అడగకుండానే సహజ సంవర్గమానం వాడడం వల్ల, ఏ పోలికా లేని పంపిణీలకు 1 రావలసిన చోట సుమారు 0.83 వస్తుంది. ఇక తేడాను కొలిచే మరో పద్ధతి, 1951 నాటి కుల్‌బ్యాక్–లైబ్లర్ కొలతలో, పెద్ద కాయ ఒక మండీకే వచ్చిన రోజున రెండో మండీలో దాని వాటా సున్నా కావడంతో ఫలితం అనంతం కావచ్చు. సున్నాకు బదులు చిన్న సంఖ్య చేర్చమంటారు. ఎంత చిన్నది? ఆ సంఖ్య మారితే జవాబూ మారుతుంది కదా!