మగజాతికి బొప్పాయి గండం

కోడలు నెల తప్పిందని తెలిసిన మరుక్షణం మన ఇళ్లలో ఫ్రిజ్ సోదా మొదలవుతుంది. డబ్బాలో బొప్పాయి ముక్కలు దొరికాయా, అత్తగారు వాటిని అక్కడికక్కడే స్వాధీనం చేసుకుని కొడుకు ముందు పెడుతుంది. వాడు టీవీ చూస్తూ ఫోర్కుతో ఒక్కొక్కటే లాగిస్తుంటాడు. ఆ ముక్కకు అంటుకున్న రెండు నల్లగింజల్ని కూడా! ఈ ఘోరమైన భద్రతాలోపాన్ని ఇంతవరకూ ఎవరూ పట్టించుకోకపోవడం శోచనీయం.

ఎందుకంటే జైపూర్‌లోని రాజస్థాన్ విశ్వవిద్యాలయం వాళ్లు బొప్పాయి గింజల నుంచి క్లోరోఫాంతో తీసిన సారాన్ని మగ కొండముచ్చులకు 360 రోజులు తాగించారు. కిలో బరువుకు రోజూ 50 మిల్లీగ్రాముల లెక్కన. రెండు నెలలు తిరక్కముందే వీర్యకణాలు తగ్గుముఖం పట్టాయి. 90 రోజులు దాటేసరికి ఒక్కటీ లేదు. చిత్రమేమిటంటే మగ హార్మోన్ టెస్టోస్టెరాన్‌లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, రక్తపరీక్షలూ సవ్యంగానే ఉన్నాయి. అంటే కొండముచ్చు దర్జాకు లోటు లేదు, ఖజానా మాత్రం ఖాళీ. మందు ఆపిన 150 రోజులకు మళ్లీ నిండిందనుకోండి. ఇదంతా 2002లోనే అచ్చయింది.

అదే ఏడాది సింగపూర్‌లో కడుపుతో ఉన్న ఎలుకలకు పండిన బొప్పాయి పెట్టి చూశారు. వాటికేమీ కాలేదు. పచ్చికాయ పాలు తగిలితేనే గర్భసంచి కండరం బిగుసుకుంది. కాబట్టి పచ్చికాయ దగ్గర అత్తగారి మాటే నెగ్గింది. పండు దగ్గర ఆవిడ కేసు వీగిపోయింది. ఇక గింజల దగ్గరైతే ఆవిడ అసలు కేసే పెట్టలేదు, నిందితుడు సొంత కొడుకు మరి.

ఇకనుంచి పథ్యం అల్లుళ్లకూ ఉండాలని మనవి. పెళ్లయిన మూడో నెల నుంచి పక్కింటి పిన్నిగారు వాడిని మెట్ల దగ్గర ఆపి, "ఏం నాయనా, ఏమైనా విశేషమా? బండి దగ్గర బొప్పాయి గానీ తింటున్నావా?" అని అడగాలి. పిల్లలు ఆలస్యమైతే గుళ్లచుట్టూ ప్రదక్షిణలు వాడే చెయ్యాలి. వీర్యపరీక్ష అనగానే వంశం పరువు గుర్తొచ్చే పెద్దలకు ఇది కొంచెం కష్టమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల పెళ్లయిన ఆడవాళ్లలో పిల్లలు వద్దనుకుని తామే ఆపరేషన్ బల్లెక్కినవాళ్లు 37.9 శాతం, మొగుణ్ణి ఎక్కించగలిగినవాళ్లు 0.3 శాతం. ఇంత సుకుమారమైన జాతిని పండ్లబండి దగ్గర ఒంటరిగా వదిలేస్తామా?

ఇది చదివి, నాలుగు గింజలు నమిలేస్తే ఆపరేషన్ తప్పుతుందని సంబరపడుతున్న మగమహారాజులకు ఒక మాట. అక్కడ ఇచ్చింది ల్యాబులో తీసి, తూచి, కొండముచ్చులకు పట్టిన సారం. తమరిని ఇంకా ఆ జాబితాలో చేర్చలేదు.

అసలు ముప్పు వంటింట్లో ఉంది. మిరియాల్లో ఎండిన బొప్పాయి గింజలు కలిపి అమ్మడం మన వ్యాపారుల పాత విద్య. నీళ్లలో వేస్తే మిరియం మునుగుతుంది, బొప్పాయి గింజ తేలుతుంది. ఈ పరీక్ష చెయ్యనిదే మిరియాల చారు ముట్టనని భీష్మించే మొగుళ్లకు గ్లాసెక్కడుంటుందో, మిరియాల డబ్బా ఏ అరలో ఉంటుందో ముందుగా చూపించాల్సి రావచ్చు.